మూడోసారీ రాయి వచ్చింది, 24 గంటల యూరిన్ టెస్టు దండగేనా?

మీరు రాసిందాంట్లో అసలు సంగతులు ముందు ఒకచోట పెడతాను, చదివే మిగతావాళ్లకూ అర్థం కావాలి కదా. వయసు 37, ఊరు జగిత్యాల దగ్గర, షార్జాలో కన్‌స్ట్రక్షన్ పని. ఎనిమిదేళ్లలో మూడు రాళ్లు. మొదటి రెండింటికీ లేజర్ చేసి స్టెంట్ (మూత్రం దిగడానికి లోపల పెట్టే సన్నని గొట్టం) వేశారు, మూడోది పోయిన వారం దానంతటదే పడిపోయింది. సెలవు మీద ఇంటికొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే రక్తపరీక్షలు రాసి, 24 గంటల మూత్రం పట్టి తెమ్మని చేతిలో ఒక పెద్ద క్యాను పెట్టారు. దాన్ని చూసి ఇంట్లోవాళ్లు నవ్వారు. మీ బావగారు "రాయి పడిపోయిందిగా, ఇంకెందుకు డబ్బులు దండగ" అన్నారు. టమాటా, పాలు, పెరుగు అన్నీ మానేసినా మళ్లీ ఎందుకొచ్చిందన్నది మీ ప్రశ్న.

టెస్టు దండగ కాదు. కానీ తప్పుగా పడితే మాత్రం దండగే, ఇంకా చెప్పాలంటే దండగకన్నా ఎక్కువ నష్టం, ఎందుకంటే తప్పు రిపోర్టు చూసి తప్పు మందు రాస్తారు. మీ విషయంలో ఇప్పుడే, ఈ సెలవులోనే పట్టడం నాకు ఇష్టం లేదు. ఎందుకో కింద చెప్తాను.

నేను యూరాలజీలో ఇరవై ఏళ్లు దాటి ఉన్నాను. మొదటి ఏడెనిమిదేళ్లు నేనూ అందరిలాగే చేశాను. రాయి తీయడం, డిశ్చార్జ్ చేసేటప్పుడు ఒక జెరాక్స్ కాగితం చేతిలో పెట్టడం. ఆ కాగితంలో టమాటా, వంకాయ, పాలకూర, పాలు, పెరుగు, మాంసం, చేపలు, జీడిపప్పు, చాక్లెట్, అన్నిటికీ అడ్డంగా గీత. చివర్లో "నీళ్లు బాగా తాగవలెను". ఒకాయన ఆ కాగితాన్ని దేవుడి పటం పక్కన అంటించుకుని రెండేళ్లు అక్షరాలా పాటించి, బరువు తగ్గి, ఇంకో రాయితో నా దగ్గరికే వచ్చాడు. "ఏం తప్పు చేశాను సార్" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అతని మూత్రంలో ఏముందో నేనెప్పుడూ చూడలేదు కాబట్టి. తర్వాత పరీక్ష చేయిస్తే ఆక్సలేట్ (కాల్షియంతో కలిసి రాయి కట్టే పదార్థం) పెరిగి ఉంది, పాలు పెరుగు మాన్పించింది నేనే. ఆ రోజు నుంచి ఆ కాగితం ఇవ్వడం మానేశాను.

రాయి తీసేయడం వేరు, రాళ్లు వచ్చే గుణం పోవడం వేరు. ఒకసారి రాయి వచ్చినవాళ్లలో, ఏ జాగ్రత్తా తీసుకోకపోతే, పదేళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ వస్తుంది. మీకు ఎనిమిదేళ్లలో మూడంటే మీరు ఆ సగంలో ఉన్నట్టు ఇప్పటికే తేలిపోయింది. మొదటిసారి చిన్న రాయి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇన్ని పరీక్షలు అక్కర్లేదు. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు, ఒకటే కిడ్నీ ఉన్నవాళ్లు, రెండు వైపులా రాళ్లున్నవాళ్లు, పేగుకు లేదా బరువు తగ్గడానికి ఆపరేషన్ అయినవాళ్లు, పిల్లలు, వీళ్లకు మాత్రం చేయించాల్సిందే.

ముందు ఒక మాట, పడిపోయిన రాయి ఏది? దాచారా? నూటికి తొంభై మంది "చూసి ఫ్లష్ చేసేశాం సార్" అంటారు. ఆ చిన్న ముక్క మీ దగ్గరున్న మంచి సాక్ష్యం. రాయి ఉందని తెలిసినప్పటి నుంచి టీ వడగట్టే జల్లెడ ఒకటి బాత్రూమ్‌లో పెట్టుకోవాలి, దాన్ని మళ్లీ వంటింట్లోకి తీసుకెళ్లకండి. దొరికిన ముక్కను నీళ్లతో కడిగి, ఆరబెట్టి, కాగితంలో మడిచి లేదా ఖాళీ మందుసీసాలో వేసి ల్యాబుకివ్వాలి. స్పిరిట్‌లో, ఫార్మలిన్‌లో వేయకూడదు. లేజర్ చేసినప్పుడు కూడా ముక్కలు బయటికి తీస్తారు, వాటిని అనాలిసిస్‌కు పంపండి అని ఆపరేషన్‌కు ముందే నోరు తెరిచి అడగాలి. తర్వాత అడిగితే దొరకవు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, రాళ్లన్నీ ఒకటి కావు. నూటికి 70, 80 వరకు కాల్షియం ఆక్సలేట్ రాళ్లే. నూటికి పది దాకా యూరిక్ యాసిడ్ రాళ్లు, ఇవి మామూలు ఎక్స్‌రేలో కనపడవు, సీటీలో కనపడతాయి, షుగర్ ఉన్నవాళ్లలో, పొట్ట ఉన్నవాళ్లలో ఎక్కువ. ఈ రకం రాయిని చాలాసార్లు మందుతోనే కరిగించవచ్చు. మూత్రం పీహెచ్ (పులుపును చెప్పే అంకె) 5.5 కన్నా తక్కువగా, పుల్లగా ఉండటమే అసలు జబ్బు, దాన్ని 6.5 దాకా తెస్తే రాయి మెల్లగా కరుగుతుంది. ఆ సంగతి తెలియక లేజర్ మీద లేజర్ చేయించుకున్నవాళ్లను చూశాను. కాల్షియం ఫాస్ఫేట్ రాయి అయితే వేరే కథ, అది ఆమ్లాన్ని మూత్రంలోకి పంపలేని కిడ్నీ లోపం వల్ల కావచ్చు, పారాథైరాయిడ్ (రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే మెడలోని గ్రంథి) వల్ల కావచ్చు, ఒక్కోసారి మైగ్రేన్‌కు వాడే టోపిరమేట్ మాత్ర వల్ల కూడా కావచ్చు. ఇన్ఫెక్షన్ రాళ్లయితే ముందు ఆ ఇన్ఫెక్షన్‌నూ, రాయినీ పూర్తిగా తీసేయాలి, తిండి గురించి గంటలు మాట్లాడి లాభం లేదు. చిన్నపిల్లల్లో రాయి కనిపిస్తే, ముఖ్యంగా మేనరికం పెళ్లిళ్లున్న ఇంట్లో, సిస్టీన్ రాళ్లు, పుట్టుకతో వచ్చే ఆక్సలేట్ జబ్బు గుర్తుకు రావాలి, అక్కడ ఆలస్యం చేస్తే కిడ్నీలే పోతాయి.

రక్తపరీక్షలు తేలిక, అవి ఇక్కడే చేయించుకోండి. క్రియాటినిన్, కాల్షియం, ఫాస్ఫరస్, యూరిక్ యాసిడ్, సోడియం, పొటాషియం, బైకార్బొనేట్. కాల్షియం ఎక్కువుంటే పీటీహెచ్, అంటే పారాథైరాయిడ్ హార్మోన్. ఈ కాల్షియం అంకెను ఎవరూ సరిగా చూడరు, నా బాధ అది. ఒక టీచరమ్మకు ఆరేళ్లలో నాలుగు రాళ్లు. ఫైలు నిండా స్కానింగులే. రక్తంలో కాల్షియం 11.2 అని మూడేళ్ల కిందటి రిపోర్టులో, ఎదురుగా చిన్న నక్షత్రం గుర్తుతో సహా ఉంది, ఎవరూ దాని మీద వేలు పెట్టలేదు. మెడలో శనగగింజంత పారాథైరాయిడ్ గడ్డ. అది తీశాక రాళ్లు రావడం ఆగింది. ఆవిడ టమాటా తిన్నా తినకపోయినా ఒరిగేదేం లేదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు క్యాను సంగతి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, అందుకే కాస్త విడమరచి చెప్తాను.

పొద్దున్నే లేచాక మొదటిసారి వచ్చే మూత్రం క్యానులో పోయకూడదు. అది నిన్న రాత్రిది. దాన్ని పారబోసి, టైమ్ చూసుకుని క్యాను మీద రాసుకోండి, ఉదాహరణకు 6 గంటలు. అక్కడి నుంచి పగలూ రాత్రీ ప్రతి చుక్కా క్యానులోకే. మర్నాడు పొద్దున అదే 6 గంటలకు వచ్చే మూత్రం మాత్రం క్యానులో కలపాలి, అదే ఆఖరిది. మొదటిది వదిలేయాలి, ఆఖరిది కలపాలి. దీన్ని తిరగేసేవాళ్లు ఎక్కువ. దొడ్డికి వెళ్లేటప్పుడు మూత్రం కూడా పోతుంది, అది లెక్కలో జారిపోతుంది, అందుకని ముందు మూత్రం పట్టేసి ఆ తర్వాత కూర్చోవాలి. క్యానులోకి నేరుగా పోయొద్దు, కొన్ని ల్యాబులు అందులో యాసిడ్ వేసి ఇస్తాయి, అది తుళ్లితే చర్మం కాలుతుంది. ఒక మగ్గులో పట్టి నెమ్మదిగా పోయాలి. అడుగున ఏదో నీళ్లున్నాయని క్యాను కడిగి శుభ్రంగా తెచ్చినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల తప్పు లేదు, ఎవరూ చెప్పలేదు. యాసిడ్ వేసిన క్యానులో పీహెచ్, యూరిక్ యాసిడ్ సరిగా రావు, వాటికి ఎలా తీసుకుంటారో ల్యాబువాళ్లను ముందే అడగండి. విటమిన్ సీ మాత్రలు వాడుతుంటే ఆ విషయం చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజు మంచి పిల్లాడిలా ప్రవర్తించొద్దు. టెస్టు ఉందని పొద్దుటి నుంచి నాలుగు లీటర్లు తాగి, పచ్చడి ముట్టకుండా, మజ్జిగన్నం తిని క్యాను నింపి తెస్తారు. రిపోర్టు దివ్యంగా ఉంటుంది, రాయి మళ్లీ వస్తుంది. పరీక్ష మీ మామూలు రోజును చూడాలి. అందుకే మీరు సెలవులో పట్టొద్దన్నాను. ఇప్పుడు మీరు నీడపట్టున ఉన్నారు, అమ్మ వండిపెడుతోంది, కొబ్బరినీళ్లు తాగుతున్నారు. రాళ్లు కట్టింది ఈ జీవితంలో కాదు, షార్జా ఎండలో. పైగా రాయి పడిపోయి వారమే అయింది. నొప్పి, మందులు, సెలైన్లు, ఇన్ఫెక్షన్ ఉన్న రోజుల్లో పట్టిన మూత్రానికి విలువ తక్కువ. నెల, నెలన్నర ఆగి, మామూలు తిండిలో పడ్డాక, అక్కడే పట్టండి. వీలైతే రెండుసార్లు, ఒకటి పనిరోజు, ఒకటి సెలవురోజు. పనిరోజు సైటుకు క్యాను మోసుకెళ్లలేరు, తెలుసు. లీటరు ఖాళీ నీళ్ల బాటిళ్లు రెండు సంచిలో పెట్టుకుని, వాటిలో పట్టి, రూముకొచ్చాక క్యానులో పోయొచ్చు. సిగ్గుగానే ఉంటుంది. ఒక రోజే కదా.

రిపోర్టు చేతికి రాగానే అందరూ కాల్షియం వైపు చూస్తారు. మీరు ముందు క్రియాటినిన్ చూడండి, అది కండరాల నుంచి వచ్చే వ్యర్థం, ఒక మనిషిలో రోజూ దాదాపు ఒకే మొత్తంలో పోతుంది, కాబట్టి మూత్రం పూర్తిగా పట్టారో లేదో అదే చెప్తుంది. మగవాళ్లలో ఒంటి బరువు కిలోకు దాదాపు 18 నుంచి 24 మిల్లీగ్రాములు రోజుకు మూత్రంలో పోతుంది, ఆడవాళ్లలో 15 నుంచి 20. మీ బరువు 72 కిలోలనుకుంటే 1,300 నుంచి 1,700 మధ్య రావాలి. 800 వచ్చిందంటే సగం మూత్రం బాత్రూమ్‌లోనే పోయిందన్నమాట, 2,600 వచ్చిందంటే రెండు రోజులది పోశారన్నమాట. అలాంటి రిపోర్టు మీద ఏ మందూ మొదలుపెట్టకూడదు, మళ్లీ పట్టాల్సిందే.

ఇక అంకెలు ఎలా మాట్లాడతాయో ఒకాయన రిపోర్టుతో చూపిస్తాను. లారీ డ్రైవరు, మీ వయసే, కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. మూత్రం 1,050 మిల్లీలీటర్లు. సోడియం 245 మిల్లీమోల్స్. కాల్షియం 310 మిల్లీగ్రాములు. ఆక్సలేట్ 38. రాయి కట్టకుండా అడ్డుకునే సిట్రేట్ 190. యూరిక్ యాసిడ్ 640. ఆయనా మీలాగే పాలు, పెరుగు, టమాటా మానేసి ఉన్నాడు.

ఆక్సలేట్ 40, 45 లోపు ఉంటే ఫర్వాలేదు, యూరిక్ యాసిడ్ 800 లోపుంటే చాలు. అంటే పాలకూర మీదా, చికెన్ మీదా పెద్ద కేసు లేదు. కాల్షియం మగవాళ్లకు 300 లోపు, ఆడవాళ్లకు 250 లోపు ఉండాలి, ఇక్కడ దాటింది. పాలు మానేసిన మనిషికి కాల్షియం ఎందుకు దాటింది? సోడియం చూడండి. దాదాపు 17 మిల్లీమోల్స్ అంటే ఒక గ్రాము ఉప్పు, ఆ లెక్కన ఆయన మూత్రంలో రోజుకు 14 గ్రాముల పైచిలుకు ఉప్పు పోతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపు. కిడ్నీ ఉప్పును బయటికి తోసేటప్పుడు దాంతోపాటే కాల్షియాన్నీ లాక్కుపోతుంది, సుమారుగా ప్రతి 100 మిల్లీమోల్స్ సోడియానికి 40 మిల్లీగ్రాముల కాల్షియం. "నేను ఉప్పు తక్కువే తింటాను సార్" అన్నాడు. భార్య పక్కనే ఉంది, నవ్వింది. ఢాబాలో భోజనం, బండిలో ఒక ఆవకాయ డబ్బా, దారిలో మిక్చర్ పొట్లాలు, మజ్జిగలో ఉప్పు, పెరుగన్నంలోకి ఊరమిరపకాయలు. కూరలో వేసే ఉప్పునే మనం ఉప్పనుకుంటాం, పచ్చడిదీ అప్పడానిదీ లెక్కలోకి రాదు.

ఆయనతో మేం మాన్పించింది రెండే. పచ్చడి డబ్బా బండిలోంచి ఇంటికి పోయింది, మిక్చర్ బదులు పల్లీలూ కాదు, పుచ్చకాయ ముక్కలో, జామకాయో. పెంచింది మూడు, నీళ్లు, నిమ్మకాయ, అన్నంతోపాటు పెరుగు. నాలుగు నెలలకు మళ్లీ పట్టిస్తే మూత్రం 2,350, సోడియం 150, కాల్షియం 262, సిట్రేట్ 340. కాల్షియం పెద్దగా తగ్గలేదనిపిస్తుంది చూడగానే. కానీ లీటరుకు ఎంత అని లెక్కేయండి. మొదట లీటరుకు 295, ఇప్పుడు 111. రాయి కట్టేది మొత్తం మీద కాదు, చిక్కదనం మీద. చక్కెర పాకం సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే, నీళ్లు ఎక్కువుంటే పలుకు కట్టదు.

నీళ్ల గురించి అందరూ చెప్పేదే, కానీ చెప్పే తీరులో ఒక తప్పుంది. "రోజుకు మూడు లీటర్లు తాగండి" అంటారు. మీకు లెక్క తాగే నీళ్లలో కాదు, వచ్చే మూత్రంలో. రోజుకు రెండున్నర లీటర్లు మూత్రం రావాలి. ఆఫీసులో ఏసీ కింద కూర్చునేవాడికి మూడు లీటర్లతో అది వస్తుంది. మీకు చెమటలోనే లీటర్లు పోతాయి, ఎండాకాలం ఐదు తాగినా రాకపోవచ్చు. ఇటలీలోని పార్మాలో 199 మందిని ఐదేళ్లు చూశారు, మొదటిసారి రాయి వచ్చినవాళ్లే. నీళ్లు పెంచినవాళ్లలో నూటికి 12 మందికి మళ్లీ వచ్చింది, మామూలుగా ఉన్నవాళ్లలో 27 మందికి. 1996లో వచ్చిన ఆ లెక్కే ఇప్పటికీ నా చేతిలో ఉన్న గట్టి ఆయుధం, దానికి చీటీ కూడా అక్కర్లేదు. నెలకోసారి ఒక రోజు కొలుచుకోండి, మగ్గు మీద గీత పెట్టుకుంటే చాలు. మిగతా రోజుల్లో రంగు చూడండి, ఎండుగడ్డి రంగులో పలచగా ఉండాలి, ఆవనూనె రంగుకొచ్చిందంటే వెనకబడ్డారని. పడుకునే ముందు ఒక గ్లాసు, రాత్రి మూత్రానికి లేచినప్పుడు ఇంకో అర గ్లాసు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని ఆపుతారు కదా, ఆ రెండున్నర గంటలు నిద్రపోయే ముందు లీటరు తాగేయండి, నిద్ర లేచాక ఒంటికి వెళ్లకుండా మళ్లీ పనికి పోయారంటే ఆ నీళ్లు చాలలేదని అర్థం.

ఉప్పు తగ్గించమంటే ఎండలో పనిచేసేవాడికి ప్రమాదం కాదా అని అడుగుతారు, మంచి ప్రశ్నే. చెమటలో ఉప్పు పోతుంది, దాన్ని పూరించాల్సిందే, ఒంట్లో నీరసం, తిమ్మిర్లు వచ్చిన రోజు ఓఆర్‌ఎస్ తాగాల్సిందే. 24 గంటల పరీక్ష అందుకే పనికొస్తుంది, చెమటలో పోయింది పోగా మూత్రంలో సోడియం ఇంకా 200 దాటి కనిపిస్తోందంటే ఆ ఉప్పు మీకు అవసరం లేనిదే. 60, 70 కనిపిస్తే మిమ్మల్ని ఉప్పు తగ్గించమని నేను అననే అనను. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, కిడ్నీ ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లు మాత్రం ఈ నీళ్ల లెక్క పాటించొద్దు, వాళ్ల కొలత వాళ్ల డాక్టరే చెప్పాలి.

పాలు, పెరుగు మళ్లీ మొదలుపెట్టండి. ఇది చెప్తే ఇంట్లో ఎవరూ నమ్మరు, "కాల్షియం రాయి అంటూనే కాల్షియం తినమంటాడేంటి" అని. జరిగేదేంటంటే, తిన్న కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని దొడ్లో బయటికి తీసుకెళ్తుంది. పెరుగు మానేస్తే ఆ ఆక్సలేట్ అడ్డు లేకుండా రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలోకి. మూత్రంలో కాల్షియం ఎక్కువున్న 120 మంది మగవాళ్లను రెండు జట్లు చేసి పార్మావాళ్లే మళ్లీ చూశారు, 2002లో వచ్చింది. కాల్షియం తగ్గించిన జట్టులో ఐదేళ్లలో 60 మందిలో 23 మందికి రాయి తిరిగొచ్చింది, కాల్షియం మామూలుగా తింటూ ఉప్పు, మాంసం తగ్గించిన జట్టులో 12 మందికి. మీకు అక్కడ మజ్జిగలాంటి లబన్ దొరుకుతుంది, భోజనంతో పాటు ఒక గ్లాసు తాగండి, ఉప్పు కలిపింది కాకుండా. భోజనంతోనే అన్నమాట గుర్తుంచుకోండి. కాల్షియం మాత్ర వేసుకునేవాళ్లు పడుకునేటప్పుడు ఖాళీ కడుపున కాకుండా అన్నంతో వేసుకోవాలి.

ఆకుకూరల్లో పాలకూర, తోటకూర, బచ్చలి, చుక్కకూర, దుంపల్లో చేమదుంప, ఇవి ఆక్సలేట్ ఎక్కువున్నవి. బాదం, జీడిపప్పు గుప్పెళ్లకొద్దీ తినేవాళ్లు కూడా చూసుకోవాలి. రిపోర్టులో ఆక్సలేట్ పెరిగి ఉంటేనే వీటి జోలికి వెళ్తాను, పెరగకపోతే పాలకూర పప్పు వారానికోసారి, ఉడికించిన నీళ్లు పారబోసి, చివర పెరుగన్నంతో తినండి. పొద్దున్నే పచ్చి పాలకూర జ్యూస్ తాగేవాళ్లను మాత్రం నేను తిడతాను. పాపం టమాటా ఏ నేరమూ చేయలేదు, దాంట్లో ఆక్సలేట్ చాలా తక్కువ, గింజలు కిడ్నీ దాకా వెళ్లవు. తిన్నది అరిగి రక్తంలో కలిసి కిడ్నీకి చేరుతుంది, గింజ గింజలాగే వెళ్లి అక్కడ కూర్చోదు. ఈ ఒక్కమాట చెప్తే సగం మంది ముఖంలో వెలుగు వస్తుంది. టమాటా లేని తెలుగు వంట ఎన్నేళ్లు తింటారు చెప్పండి.

చికెన్ సంగతి మీకు వర్తించవచ్చు. క్యాంపులో రూమంతా కలిసి రోజూ చికెన్, ఖుబూస్ రొట్టె, ఇంటి నుంచి తెచ్చిన పచ్చడి, కూరగాయలు పేరుకే. మాంసం ఎక్కువైతే మూత్రం పుల్లబడుతుంది, సిట్రేట్ తగ్గుతుంది, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. మానేయమనడం లేదు, రోజూ ఉన్నదాన్ని వారానికి మూడు రోజులకు తేండి, మిగతా రోజులు పప్పు. మీ రూములో వంట చేసేది ఎవరో రాయలేదు. నా దగ్గర కూర్చోవాల్సింది ఆయన కూడా. ఇంటి దగ్గరైతే భార్యను, అమ్మను లోపలికి పిలుస్తాను, గల్ఫ్‌వాళ్లయితే రూమ్మేట్‌కు ఫోన్ కలపమంటాను.

సిట్రేట్ తక్కువుంటే, 320 కన్నా తగ్గితే తక్కువే అంటాం, నిమ్మకాయ నీళ్లు మంచివి, ఉప్పూ పంచదారా లేకుండా. మరీ తక్కువుంటే పొటాషియం సిట్రేట్ మందు కావాలి. ఇక్కడొక చిన్న మెలిక. మందులషాపులో "రాళ్ల సిరప్" అని అడిగితే ఒక్కోసారి డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్ ఇస్తారు. అది మూత్రంలో మంటకు వాడేది, దాంట్లో ఉన్నది సోడియం. ఉప్పు తగ్గించమని ఒక చేత్తో, సోడియం సిరప్ ఇంకో చేత్తో! సీసా తిప్పి పేరు చదవండి, పొటాషియం అని ఉండాలి. అది తిన్న తర్వాత, నీళ్లలో బాగా కలిపి తాగాలి, లేకపోతే కడుపులో మంట. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లు రక్తంలో పొటాషియం చూపించుకోకుండా దీన్ని ముట్టకూడదు. మీ అంతట మీరు కొనుక్కోవద్దు.

మూత్రంలో కాల్షియం తగ్గించడానికి థయజైడ్ మాత్రలు దశాబ్దాలుగా రాస్తున్నాం. 2023లో స్విట్జర్లాండ్ నుంచి 416 మందితో చేసిన ట్రయల్ వచ్చింది, ఆ రకం మాత్రే అయిన హైడ్రోక్లోరోథయజైడ్ ఏ మోతాదులో ఇచ్చినా ఉత్తుత్తి మాత్రకన్నా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అది చదివాక నేను చాలా తగ్గించాను. ఉప్పు తగ్గించినా కాల్షియం దిగనివాళ్లకే, అదీ పొటాషియం, షుగర్ చూసుకుంటూ.

కొండపిండి ఆకు, ఉలవచారు, అరటి ఊచ రసం, వీటి గురించి మీరు అడగకపోయినా కింద ఎవరో అడుగుతారు. కొండపిండి ఆకు పప్పులో వేసుకుని తినండి, నాకూ ఇష్టమే. రాయిని పిండి చేస్తుందన్నది పేరులో ఉన్నంత నిజంగా నేనెక్కడా చూడలేదు. నాలుగైదు మిల్లీమీటర్ల రాయి చాలావరకు దానంతటదే పడిపోతుంది, ఆ వారం ఏది తాగితే పేరు దానికొస్తుంది. రాయి పడిపోతుందని బీరు తాగేవాళ్లకు మాత్రం ఒకటే మాట, ఆ రాత్రి మూత్రం బాగానే వస్తుంది, తెల్లారేసరికి ఒళ్లు ఎండిపోతుంది, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. "నీళ్లు తాగండి" అని ఆడవాళ్లకు చెప్పి పంపేసేవాణ్ణి, వాళ్లు తల ఊపేవాళ్లు, మళ్లీ వచ్చేవాళ్లు. బట్టల షాపులో పనిచేసే ఒకమ్మాయి చివరికి చెప్పింది, "తొమ్మిది గంటలు నిలబడాలి సార్, బాత్రూమ్ కిందెక్కడో ఉంది, రెండోసారి అడిగితే సూపర్‌వైజర్ ఏదో ఒకటంటాడు, అందుకే పొద్దున్నుంచి తాగను." నా చీటీలో దీనికి మందు లేదు. షాపుకు ఒక లెటర్ రాసిచ్చాను, వైద్య కారణాల వల్ల రెండు గంటలకోసారి వెళ్లనివ్వాలి అని. అది పనిచేసింది. అప్పటి నుంచి ఎంత తాగుతున్నారని అడగడం మానేసి, పనిచేసే చోట బాత్రూమ్ ఎంత దూరంలో ఉందని అడుగుతున్నాను. మీ సైటులో ఎలా ఉందో నాకు తెలియదు, లెటర్ కావాలంటే ఇక్కడి డాక్టరు దగ్గర ఇంగ్లిషులో రాయించుకుని వెళ్లండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. విమానం ఎక్కేలోపు రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్ ఒకటి, ఇంకేమైనా ముక్కలు మిగిలాయేమో. రెండోసారి వేసిన స్టెంట్ తీయించుకున్నారని రాశారు, మంచిది, తీసిన రోజు కాగితం ఫైల్లో ఉందో లేదో చూడండి, మర్చిపోయిన స్టెంట్ల మీద రాళ్లు కట్టినవాళ్లను ఇప్పటికీ ఏటా చూస్తున్నాను. అక్కడికెళ్లాక నెలన్నరకు పనిరోజు మూత్రం పట్టండి. మార్పులు చేసిన ఆరు నెలల లోపు మళ్లీ ఒకసారి, తర్వాత ఏడాదికోసారి. ఈ మధ్యలో చలిజ్వరంతో నడుంనొప్పి వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఇవన్నీ పక్కనపెట్టి ఎమర్జెన్సీకి వెళ్లిపోండి, ఆ రాత్రే.

రిపోర్టు వచ్చాక పేరూ ఫోన్ నంబరూ కనపడకుండా చెరిపేసి పంపండి. బరువు ఎంతో రాయడం మర్చిపోవద్దు, అది లేకపోతే క్రియాటినిన్ చూసి మీరు సరిగా పట్టారో లేదో నేను చెప్పలేను. బావగారికి క్యాను చూపించి నవ్వనివ్వండి, ఆయనకు షుగర్ ఉందని రాశారు కాబట్టి ఆయన మూత్రం పీహెచ్ కూడా ఒకసారి చూపించుకోమనండి.